ఏడో గడిలో కరువుతీగ

పొద్దున్నుంచి ఇది పదహారో అవిటి ఈత. కామాక్షి తెరమీద మేకపిల్లను పెద్దది చేసి చూసింది. ముందుకాళ్లు రెండూ మోకాళ్ల దగ్గర లోపలికి మడతపడి ఉన్నాయి. తల్లి దాన్ని నాకుతూ, లేవమని మూతితో పొడుస్తోంది. అది లేవదని ఆ తల్లికి ఎవరు చెప్పాలి?

"కారణం: కాపరి ఈరన్న నిర్లక్ష్యం. ధ్రువీకరించండి," అంది మందలను నడిపే యంత్రం మేతకన్ను, ఎప్పటిలాగే మర్యాదగా. ఆమె వేలిముద్ర పడితే చాలు, సాయంత్రానికల్లా ఈరన్న మంద మొత్తం ఆమె పనిచేసే మేతమండలం స్వాధీనమైపోతుంది.

వేలు ఎత్తింది గానీ వెయ్యలేకపోయింది. నాలుగు నెలల కిందటి మంద నడకపటం తీసింది. మేకల మెడపట్టీలు పంపిన చుక్కలు మేతభూమిలోని ఏడో గడి అంచుదాకా వచ్చి మూడుసార్లు వెనక్కి మళ్లాయి. మూడుసార్లూ పక్కన ఒకటే వరుస: 'తిరిగి లోపలికి తోలినది: కామాక్షి.'

ఆమెకు బాగా గుర్తుంది. ఆ ఎండల్లో పచ్చగా మిగిలింది ఏడో గడిలోని కరువుతీగ ఒక్కటే. ప్రయోగశాలలో పుట్టిన ఆ తీగను పరీక్షించింది తనే. పదిరోజులు మేకపోతులకు మేపింది, బరువు తగ్గలేదు, మేపొచ్చని పటంలో పచ్చరంగు వేసేసింది. కడుపుతో ఉన్న సూడిమేకకు మేపి చూడాలన్న కాలమ్ పరీక్ష పత్రంలో లేదు. కాలమ్ లేకపోతే బుర్ర కూడా ఉండక్కర్లేదు కాబోలు! ఈరన్న మళ్లించడాన్ని బద్ధకం అనుకుంది.

సిగ్గుపడుతూనే అతనికి ఫోన్ చేసింది.

"ఈరన్నా, ఆ రోజు మందను ఎందుకు మళ్లించినారు?"

"అన్నీ సూడివి కదమ్మా. తెలీని ఆకు సూడిమేకకు పెట్టం మేము. ముందు ఒక్క మేకకు మేపి, అది చూలు కట్టి ఈనినంక పిల్లను చూసి, అప్పుడు మందను దింపుతాం. మీ పట్టీ జివ్వుమనిపించి అందులోకే తోలింది." అతను పిల్లను ఒళ్లోకి తీసుకున్న అలికిడి వినబడింది. "ఈ పిల్లకు పాలు పిండి పోస్తా ఉండా. తాగుతా ఉంది, పాపం."

తిట్టినా బాగుండేది.

"తప్పు నాది," అంది.

కారణం దగ్గర కాపరి పేరు తీసేసి తన పేరు రాసింది. మేతకన్ను మొదటిసారి తడబడింది.

"మీ తప్పు నమోదైతే మీరు పచ్చరంగు వేసిన నూట నలభై గడులూ మూతపడతాయి. తొంభై వేల జీవాలకు నేడు మేత చూపలేను."

"నువ్వు చూపొద్దు. పట్టీలన్నీ వదిలెయ్యి. ఎక్కడ మేపాలో కాపరులు చూసుకుంటారు."

"అలాంటి ఆదేశం ఇంతవరకు ఎవరూ ఇవ్వలేదు."

"నేనిస్తున్నా." వేలిముద్ర వేసింది. తన ఉద్యోగం కూడా దాంతోనే పోతుందని తెలుసు. తెరమీద చుక్కలు గడి తర్వాత గడిగా ఆరిపోయాయి.

ఫోన్‌లో ఈరన్న ఇంకా ఉన్నాడు. "ఏమ్మా, పట్టీలు చల్లబడినాయే?"

"ఇక మీ ఇష్టం ఈరన్నా. మీకు తెలిసిన చోటికి తోలుకోండి."

"మందను తోలుకుంటాలేమ్మా," అన్నాడతను మెల్లగా. "దీన్ని ఎట్ల నడిపించేది?"

ఫోన్‌లో పిల్ల అరిచింది.