జాకెట్ ఇచ్చి వెళ్ళు

మా గోడౌన్ దాటాక, డివైడర్ తెగి బళ్ళు అవతలి వైపుకి తిరిగే చోటు ఒకటుంది. ఆ చోటికి మంచి పేరు లేదు. మావాళ్ళు దాన్ని మావయ్య మలుపు అంటారు. చీకటి పడ్డాక మన డ్రైవర్ ఎవరైనా సరే, ముందు పురుగు కూడా లేకపోయినా, అక్కడ ఆగి హారన్ కొట్టాకే బండి తిప్పుతాడు.

ప్యాకింగ్‌లో చేరిన కొత్తలో నాకిది వింతగా ఉండేది. దెయ్యాలంటే నాకు భయం లేదు. పొద్దస్తమానం సూపర్‌వైజర్లతో వేగేదానికి దెయ్యం ఒక లెక్కా? ఒక రాత్రి మా వ్యాన్ డ్రైవర్ బాబాయిని అడిగేశాను.

"దారంతా నోరు మూసుకునే నీ హారన్‌కి ఇక్కడే పూనకం వస్తుందేం బాబాయ్?"

ఆయన నవ్వలేదు. క్వార్టర్స్ ముందు బండి ఆపాడు. అందరూ దిగిపోయాక, గొంతు తగ్గించి చెప్పాడు. విన్నది విన్నట్టు చెబుతున్నాను... నమ్మడం, నమ్మకపోవడం మీ ఇష్టం.

గోడౌన్ రోడ్డుకి ఇటు, క్వార్టర్స్ అటు. మధ్యలో లారీలు పడి పరిగెత్తే పెద్ద రోడ్డు. వ్యాన్ రెండో ట్రిప్పు కోసం గంటసేపు కూర్చోలేక, మగవాళ్ళు ఆ డివైడర్ సందులోంచి నడిచిపోయేవారు. వాళ్ళలో ఒకాయన్ని అందరూ 'మెల్లగా మావయ్య' అని పిలిచేవారు. ఎవరు స్టీరింగ్ పట్టుకున్నా "మెల్లగా నాయనా, మెల్లగా" అనడం ఆయన అలవాటు. ఆయన మేనల్లుడూ అక్కడే పని. ఊరుకాని ఊళ్ళో ఒకరికొకరు తోడు. మావయ్య వండితే అల్లుడు గిన్నెలు తోమేవాడు, తోముతూ ఉప్పెక్కువైందని సణిగేవాడు.

గోడౌన్ లోపల అందరికీ రేడియం జాకెట్లుండేవి. లైటు పడితే భగ్గుమనే పట్టీలున్న జాకెట్లు. సరుకు ఎత్తే బళ్ళు గుద్దకుండా అన్నమాట. ఒక షిఫ్టువాళ్ళు విప్పితే, ఆ చెమటతోనే రెండో షిఫ్టువాళ్ళు తొడుక్కోవాలి. జాకెట్లు తగ్గిపోతున్నాయని సూపర్‌వైజర్ ఒక రూలు పెట్టాడు. షిఫ్టు అయ్యాక గేటు దగ్గర నిలబడి చెయ్యి చాపేవాడు.

"జాకెట్ ఇచ్చి వెళ్ళు. గోడౌన్ జాకెట్ గోడౌన్‌లోనే ఉండాలి."

అందుకే ఆయన్ని గేటు సారు అనేవారు. పరాయివాడైతే ఇంత మండేది కాదు. మనవాడే... మన మాట మాట్లాడేవాడే.

లోపల మెరిసిపోయే మనుషులు, బయటికొచ్చేసరికి నల్ల యూనిఫాంలో చీకట్లో కలిసిపోయేవారు. బళ్ళు వేగంగా పోయేది లోపలా, బయటా? ఈ ప్రశ్న మావయ్యే ఒకసారి అడిగాడట. "నీకు తెలివెక్కువైంది" అన్నాడట గేటు సారు.

ఆ రాత్రి అల్లుడు మంచినీళ్ళ సీసా మరిచిపోయి వెనక్కి వెళ్ళాడు. మావయ్య ముందు నడిచాడు. అల్లుడు తిరిగి గేటు దాటుతుండగా... బ్రేకుల చప్పుడు. తర్వాత ఏ చప్పుడూ లేదు. పరిగెత్తుకుంటూ వెళ్ళేసరికి మావయ్య డివైడర్ సందులో పడి ఉన్నాడు. కారు నడిపినవాడు రోడ్డు మీదే కూలబడి తల బాదుకుంటున్నాడు — "కనిపించలేదు... దేవుడి మీద ఒట్టు, కనిపించలేదు..."

వాడి మాట నిజమే. అల్లుడికి అది అర్థమైంది.

మర్నాడు పోలీసులు వచ్చి అడిగితే గేటు సారు తడుముకోకుండా చెప్పాడు. "జాకెట్ ఇచ్చాం సార్. ఆయనే వేసుకోలేదు." ఊళ్ళో ఉన్న అత్తయ్యకి ఫోన్‌లోనూ అదే మాట. ఆ రోజు నుంచే జాకెట్లు తీసుకోవడం మానేశాడు. ఎవరైనా గొణిగితే, "ఎప్పుడూ ఇంతేగా?" అని కళ్ళెర్రజేశాడు. ఉద్యోగం పోతుందని ఒక్కడూ నోరు మెదపలేదు.

అత్తయ్య మాత్రం అల్లుడికి ఫోన్ చేసి ఒకటే మాట. "మీ మావయ్య చీపురు అడ్డంగా ఉంటేనే ఊరుకునేవాడు కాదురా, ఎవరైనా తట్టుకుని పడతారని. ఆ మనిషి అజాగ్రత్తగా పోయాడంటే ఎలా నమ్మమంటావ్? నువ్వు చెబితే నన్ను ఓదార్చడానికే అంటున్నావనుకుంటా. ఆ చెప్పినవాణ్ణే మళ్ళీ చెప్పమను."

అల్లుడికి అదే పంతం పట్టుకుంది. ఆ నోటితోనే నిజం చెప్పించాలి.

గేటు సారు ఇల్లూ అటే. రాత్రి కారులో ఆ మలుపు తిరిగే పోవాలి. అల్లుడు తన జాకెట్‌ని డివైడర్ సందులో ఉన్న బోర్డు కర్రకి తొడిగి, పొదల వెనక నక్కాడు. కారు లైట్లు పడగానే... చీకట్లో ఒక జాకెట్, లోపల మనిషి లేడు, భగ్గుమంది. కారు తూలింది, నిలదొక్కుకుంది, వెళ్ళిపోయింది.

సంగతి తెలిసి బాబాయ్ వాణ్ణి తిట్టిపోశాడు. "రోడ్డు మీద దెయ్యం ఆటలాడితే మనమే దెయ్యాలమవుతాం రా!" కుర్రాడు వింటేనా. మర్నాడూ తొడిగాడు.

ఆ తర్వాత గేటు సారు రంగు మారిపోయింది. పక్కన ఎవరైనా జాకెట్ దులిపినా ఉలిక్కిపడేవాడు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, అడగనివాళ్ళకి కూడా చెప్పుకునేవాడు, "ఇచ్చాం... ఇచ్చే పంపాం" అని. చివరికి ఒక రాత్రి కారు వదిలేసి వ్యాన్ దగ్గరికొచ్చాడు.

"నన్నూ దింపేయ్. కళ్ళు సరిగ్గా కనిపించట్లేదు."

ముందు సీట్లో, బాబాయ్ పక్కన కూర్చున్నాడు. చలికి మెడదాకా నల్లకోటు. వెనక సీట్లలో అల్లుడు, ఇంకో నలుగురైదుగురు. అల్లుడి జాకెట్ వాడి ఒళ్ళోనే ఉంది.

వ్యాన్ మలుపు దగ్గరికొచ్చింది. తిప్పుదామని బాబాయ్ డివైడర్ పక్కన ఆపాడు. ఎదురుగా సందులో...

జాకెట్ నిలబడి ఉంది.

బాబాయ్ అద్దంలోంచి అల్లుడి వైపు కోపంగా చూశాడు. వాడు నోరు తెరిచి, తన ఒళ్ళో జాకెట్‌ని చూపించాడు. బాబాయ్‌కో ఆలోచన వచ్చింది. రేడియం కదా, లైటు పడితేనే మెరుస్తుంది. హెడ్‌లైట్లు ఆపేశాడు.

జాకెట్ ఆరిపోలేదు.

గేటు సారు పళ్ళు టకటక కొట్టుకుంటున్నాయి.

"నేనే తీసుకున్నాను..." గుసగుసగా అన్నాడు. "గేటు దగ్గర... నేనే విప్పించాను... వదిలెయ్..."

వెనకున్నవాళ్ళందరూ విన్నారు. అల్లుడు అప్పటికే ఫోన్ కలిపాడు. అవతల అత్తయ్య గొంతు. ఫోన్ గేటు సారు ముందు పెట్టాడు.

"ఇప్పుడన్నది మా అత్తయ్యకి చెప్పండి సార్. ఒక్క మాట. ఈ జన్మకి ఇంకేం అడగను."

గేటు సారు ఫోన్ వంక చూశాడు. వెనకున్న మొహాల వంక చూశాడు. అంత భయంలోనూ రేపటి ఉద్యోగం గుర్తొచ్చినట్టుంది. గొంతు సర్దుకున్నాడు.

"జాకెట్ ఇచ్చామమ్మా... ఆయనే వేసుకోలేదు."

అప్పుడు కదిలింది.

పరుగు లేదు. మెల్లగా... మెల్లగా... సందులోంచి వ్యాన్ ముందుకొచ్చింది. అద్దానికి జానెడు దూరంలో ఆగింది. మనిషి షిఫ్టు దిగాక విప్పినట్టు, ఒక భుజం జారింది, రెండో భుజం జారింది. విప్పిన జాకెట్ గాల్లో మడత పడింది. గేటు సారు వైపుకి — ఇదిగో, తీసుకో అన్నట్టు — చాచుకుంది.

"వద్దు... నాకొద్దు!"

తలుపు తీశాడు. బాబాయ్ భుజం పట్టుకోబోతే కోటు జారిపోయింది చేతిలోంచి. ఆయన వైపు తలుపు రోడ్డు మీదకే తెరుచుకుంటుంది కదా. దూకి, చీకట్లోకి పరిగెత్తాడు. నల్లకోటు రెండడుగుల్లో కనిపించకుండా పోయింది. లారీవాడికీ కనిపించలేదు.

బ్రేకుల చప్పుడు. తర్వాత ఏ చప్పుడూ లేదు.

"ఏమైందిరా? ఆ చప్పుడేంట్రా?" ఫోన్‌లో అత్తయ్య అరుస్తోంది.

అల్లుడు ఫోన్ చెవికి పెట్టుకున్నాడు. "మావయ్య తప్పు లేదత్తా. ఆయన నోటితోనే అన్నాడు. బండెడుమందిమి విన్నాం... అందరం చెబుతాం."

చెప్పారు కూడా. ఈసారి ఒక్కడూ నోరు మూసుకోలేదు. ఇద్దరు పోయాక వచ్చిన ధైర్యం ఎవరికి కావాలి అని నాకు ఒళ్ళు మండింది గానీ, మావయ్య మీద పడ్డ మాట మాత్రం తుడిచిపెట్టుకుపోయింది.

పోలీసులు వచ్చేసరికి గేటు సారు కూర్చున్న సీటు మీద ఒక జాకెట్ మడతపెట్టి ఉంది. అది ఎప్పుడు లోపలికొచ్చిందో బండిలో ఉన్న ఒక్కడూ చూడలేదు. ఆ జాకెట్ జేబు చిరిగితే తెల్లదారంతో వంకరటింకరగా కుట్టి ఉంది. ఆ కుట్టు అల్లుడికి తెలుసు. మావయ్య కుడుతుంటే సూదిలోకి దారం ఎక్కించింది వాడే.

లారీ డ్రైవర్ ఏడుస్తూ ఒకటే మాట... కనిపించలేదని. పోలీసాయన సీటు మీది జాకెట్ చూసి, "ఇదుండగా ఈయన ఎందుకు తొడుక్కోలేదు?" అని అడిగాడు.

అల్లుడు ఆయన కళ్ళలోకి చూసి చెప్పాడు.

"ఇచ్చాం సార్. ఆయనే వేసుకోలేదు."

ఇదీ బాబాయ్ చెప్పింది. గేటు సారు మీద నాకు జాలి కలగలేదు. అబద్ధమెందుకు? లోపల ఎక్కడో సంతోషం కూడా వేసింది.

"అయితే హారన్ మావయ్య కోసమా బాబాయ్?"

"ఆయనకెందుకమ్మాయ్? ఆ జాకెట్ మళ్ళీ తొడుక్కుని ఉంటాడు, దూరం నుంచే కనిపిస్తాడు. ఆ రాత్రి తర్వాత ఆయన వల్ల ఎవరికీ ఏం కాలేదు." బాబాయ్ గొంతు ఇంకా తగ్గిపోయింది. "రెండోవాడికే... జాకెట్ లేదు."

కథ బాగా అల్లావు అని నవ్వేసి దిగిపోయాను.

నెల తిరగలేదు. ఒక వాన రాత్రి ముందు సీట్లో నేను కూర్చున్నాను, షిఫ్టు జాకెట్‌తోనే. బాబాయ్ మలుపు దగ్గర ఆపి, హారన్ మీద చెయ్యి వేశాడు. ఇంతలో నా వైపు అద్దం మీద... టక్.

చూశాను. వాన తప్ప ఎవరూ లేరు.

టక్... టక్. అద్దం మీద అయిదు వేళ్ళ ఆవిరి అచ్చు పడింది. ఆ వెనకే, చలికి వణికే గొంతు, మన మాటే...

"అమ్మాయ్... జాకెట్ ఇచ్చి వెళ్ళు..."

నా పైప్రాణాలు పైనే పోయాయి. కానీ అంత వణుకులోనూ మావయ్య కుట్టిన ఆ జేబు గుర్తొచ్చింది, ఫోన్‌లో అరిచిన అత్తయ్య గుర్తొచ్చింది. జాకెట్ గుండెలకి అదిమి పట్టుకున్నాను.

"గోడౌన్ జాకెట్ గోడౌన్‌లోనే ఉండాలి సార్," అన్నాను.

బాబాయ్ హారన్ కొట్టాడు.