నికార్సు కార్డు

మూల ప్రెస్సు దగ్గరికి రాత్రిపూట ఒంటరిగా ఎవ్వరూ పోరు.

తలుపుల బందులు తయారుచేసే ఫ్యాక్టరీ అది. రేకుని కొట్టి బందులుగా వంచే మిషన్లన్నీ ఒక వరసలో ఉంటే, ఆ ప్రెస్సొక్కటీ గోడవారగా, వెలుతురు సరిగ్గా పడని చోట ఉంటుంది. దాని ముందు పనిచేస్తూనే ఒకాయన గుండె ఆగి పోయాడు. మనిషి కిందపడ్డా ప్రెస్సు మాత్రం కొడుతూనే ఉందట... కింద రేకు లేకుండా, ఖాళీగా... ధన్... ధన్... ఎవరో పరిగెత్తుకొచ్చి ఆపేదాకా.

ఆయన్ని అందరూ నికార్సు అని పిలిచేవాళ్ళు. ఒక్క బందు వంకరపోయినా ఆ పూట అన్నం సహించేది కాదు ఆయనకి. "వంకరది నా చేతిలోంచి పోకూడదు" అనేవాడట. జనం వెక్కిరించేవాళ్ళు. ఆయన పట్టించుకునేవాడు కాదు.

ఇదంతా నాకు చెప్పింది మా బావ — మా అక్క మొగుడు. అక్కడే ఎలక్ట్రీషియన్, మనుషులు తక్కువైతే మిషను మీదా పనిచేస్తాడు. చెబుతూ మాటిమాటికీ వెనక్కి చూసుకున్నాడు. చూసుకోనీ! నాకు మాత్రం ఇసుమంత జాలి కలగలేదు.

అక్కడ ప్రతి మిషనుకీ ఒక కంప్యూటర్ తెర ఉంది. పని మొదలెట్టే ముందు కార్డు దానికి ఆనించాలి. ఇక మంచి సరుకైనా, పాడైన సరుకైనా ఆ కార్డు మనిషి పేరు మీదే పడుతుంది. పేర్లు సూపర్‌వైజరు దగ్గరే ఆగిపోయేవి. పైఅంతస్తులోని ఖర్చుల ఆఫీసుకి మొత్తం అంకె మాత్రం వెళ్ళేది. సూపర్‌వైజరు రోజూ పేరుపేరునా పిలిచి గడ్డి పెట్టేవాడు.

నికార్సు పోయాక జీతాల లెక్కల్లో ఆయన పేరు కొట్టేశారు. మిషన్ల కంప్యూటర్లోంచి తీసెయ్యాలని మాత్రం ఎవరికీ తోచలేదు. ఆయన కార్డు మూల ప్రెస్సు పక్కన మేకుకి అలాగే వేలాడుతోంది. ఒకరోజు మా బావ సరదాకి దాన్ని తెరకి ఆనించి చూశాడు. తెర ఒప్పుకుంది!

ఇంకేముంది. వంకర బందులన్నీ ఆయన నెత్తిన రుద్దడం మొదలెట్టారు. "చచ్చినాయన్ని ఎవడు తిడతాడ్రా?" అని మా బావ నవ్వేవాడట. సూపర్‌వైజరు కూడా కిమ్మనలేదు, తను పాడుచేసినవీ అందులోకే పోయాయి కదా. రాత్రయితే ఆ మూలకి పోవడానికి భయం. పగలు మాత్రం అందరికీ ధైర్యమే. సిగ్గులేని జాతి!

అలా ఉండగా ఖర్చుల ఆఫీసరు కిందికొచ్చి చెప్పాడు — మిషన్ల కంప్యూటరూ, పైనున్న జీతాల, ఖర్చుల కంప్యూటరూ రేపట్నించి ఒకటవుతాయి. పేరుకి పేరు సరిచూస్తుంది. మనిషి లేని కార్డు దొరికితే, దాన్ని వాడినవాణ్ణి ఆ రోజే ఇంటికి పంపిస్తారు.

మా బావకి ముద్ద దిగలేదు. మొదలెట్టింది తనేనని అందరికీ తెలుసు, అవసరమైతే అందరూ చెప్తారు కూడా. అక్క ఇల్లు నడిచేది ఆ ఒక్క ఉద్యోగంతోనే.

అందుకే ఆ రాత్రి మళ్ళీ లోపలికి వెళ్ళాడు. నికార్సు కార్డు ఆనించి, ఆ పేరు కింద ఉన్న పాడుసరుకంతా చెరిపేసి, కార్డు ముక్కలు చేసి పారేద్దామని. జాగ్రత్తపరుడు కదా... ప్రెస్సు కదలకుండా ఆ మూలకి కరెంటు ముందే తన చేత్తో కట్టేశాడు. తెరని మాత్రం బ్యాటరీ మీద వెలిగిద్దామనుకున్నాడు.

టార్చి వేసి చూస్తే... మేకుకి కార్డు లేదు.

తెర అప్పటికే వెలుగుతోంది.

దాని మీద నికార్సు ఫొటో. కింద — "పని జరుగుతోంది."

ధన్...

మా బావ వెనక్కి తిరిగాడు. కరెంటు లేని ప్రెస్సు నెమ్మదిగా పైకి లేచింది. ఆగింది. మళ్ళీ... ధన్...

ఒక్కో దెబ్బకి నికార్సు పేరు పక్కనున్న పాడుసరుకు ఒక్కోటి తగ్గుతోంది. ఎక్కడికి పోతోంది? చూపు కిందికి దించాడు. తెర అడుగున ఇంకో ఫొటో ఉంది. తనది. అక్కడ ఒక్కోటి పెరుగుతోంది.

"చాలు... చాలు మావా..." అన్నాడట. బతికుండగా ఆయన్ని ఏనాడూ వరస పెట్టి పిలిచిన పాపాన పోలేదు.

చెవి పక్కన చల్లగా ఊపిరి తగిలింది.

"వంకరది... నా చేతిలోంచి పోకూడదు."

టార్చి అక్కడే పారేసి పరిగెత్తాడు.

పొద్దున్న గేటు దగ్గర కార్డు ఆనించాడు. గేటు తెరుచుకోలేదు. మళ్ళీ ఆనించాడు. వాచ్‌మన్ తన తెరవైపు చూసి, మా బావ మొహంలోకి చూసి, గొంతు తగ్గించాడు.

"ఇదేంటన్నా... నువ్వు పోయావంటోంది?"

ఖర్చుల ఆఫీసరు పైకి పిలిపించాడు. ఆయన అంత తేలిగ్గా బెదిరే మనిషి కాదు. "రెండు కంప్యూటర్లూ కలిపేటప్పుడు వరసలు తారుమారయ్యుంటాయి. నీ పేరు చచ్చినాయన వరసలో పడింది, ఆయన పేరు నీ వరసలో పడింది. అది సరిచేస్తాంలే. నీ పేరు మీదున్న ఈ వంకర సరుకు సంగతేంటి? నీదా కాదా?"

మా బావ తెర మీది అంకె వైపు చూశాడు. అందులో అతను పాడుచేసినవి ఎన్నో, మిగతావాళ్ళవి ఎన్నో అతనికీ తెలీదు.

"ఇక నువ్వు ఇంటికెళ్ళొచ్చు" అన్నాడు ఆఫీసరు.

బావ లేచాడు. తలుపు దాకా వెళ్ళి ఆగాడు. "నికార్సు పేరు మీద ఏముంది సార్?"

ఆఫీసరు విసుగ్గా తెరవైపు తిరిగాడు. "ఏమీ లేదు. ఒక్క వంకర బందు కూడా లేదు. రాత్రినుంచి డ్యూటీలో ఉన్నట్టు..." అని ఆగిపోయాడు. "ఆ మూలకి కరెంటు ఇంకా ఇవ్వలేదన్నారే? కట్టేసింది నువ్వేనా?"

"నేనే సార్."

కింద ఇంకా షిఫ్టు మొదలవలేదు, మిషన్లన్నీ ఆగి ఉన్నాయి.

ధన్...

ఆఫీసరు తెర మీద నికార్సు పేరు పక్కన, మంచి సరుకులో ఒకటి పెరిగింది.