తారుమారైన రెండంకెలు

"వంద అంకెల సంఖ్య," అన్నాడు చీఫ్ ప్రకాశరావు, విశాఖ ఆఫీసులో తలుపు గడియ వేసి. "రెండు పెద్ద ప్రధాన సంఖ్యల్ని గుణిస్తే వచ్చింది. గుణించడానికి ఒక పూట చాలు. తిరిగి విడగొట్టాలంటే మాత్రం ఒక జన్మ చాలదు. నేవీ కోడ్‌కి అదే తాళం."

"ఆ రెండూ ఎవరికి తెలుసు సార్?"

"నేవీ మెషీన్‌కి. వాటిని కనిపెట్టిన లెక్కల లెక్చరర్‌కి. రిటైరై అమలాపురంలో ఉంటున్నాడు. శత్రు ముఠా అక్కడికి చేరింది. కాపలా నువ్వే."

1984 వేసవి. ఏజెంట్ చలపతి కొబ్బరి వ్యాపారి వేషంలో, డొల్ల చేసిన కాయలో వైర్‌లెస్ దాచుకుని అమలాపురంలో బస్సు దిగాడు.

లెక్చరర్ బాలగంగాధరం గారిది ఘనపాఠీల వంశం. వేదాన్ని ముందుకీ వెనక్కీ తిప్పి చెబుతూ ఒక్క అక్షరం జారనివ్వని ఇల్లు. ఆ రెండు సంఖ్యలూ ఆయన కాగితం మీద పెట్టలేదు. నోటికే ఉన్నాయి.

హాల్లో పట్టుచీర, నల్లకళ్ళద్దాలతో సూర్యకుమారి కూర్చుని ఉంది. డిపార్ట్‌మెంటు ముందే పంపిన ఏజెంటు.

"కురిడీ," అన్నాడు చలపతి.

"గంగాబొండం," అందామె. రెండూ కొబ్బరికాయల పేర్లే. కోడ్ కలిసింది. అతను సంచీ కింద పెట్టాడో లేదో, ఆమె హ్యాండ్‌బ్యాగ్‌లోని పిస్టల్ అతని కణతకి తగిలింది.

"మాస్టారూ, సంఖ్యలు చెబుతారా, ఇతన్ని కాల్చమంటారా?"

"చెప్పకండి!" అరిచాడు చలపతి.

"ఆయ్, చెబుతానండి. రాసుకోండమ్మా."

ఆయన గడగడా చెప్పేశాడు. వీధిలో కారు ఇంజిన్ ఆపకుండా సిద్ధంగా ఉంది. గుణించి చూసే టైం ఆమెకు లేదు. అంకెలు కూడి, తొమ్మిదులు తీసేసి, తన దగ్గరున్న వంద అంకెల సంఖ్యతో సరిచూసుకుంది. సరిపోయింది. బయట గడియ పెట్టి వెళ్ళిపోయింది.

"దేశాన్ని అమ్మేశారు కదండీ!"

"ఊరుకోండి బాబూ. రెండోదాంట్లో పక్కపక్క అంకెలు రెండు తారుమారు చేసేనండి. చోటు మారితే కూడిక మారదు కదా. తొమ్మిదుల లెక్కకి అది దొరకదు." ఆయన ఉత్తరీయంతో నోరు తుడుచుకున్నాడు. "తెలిసి తప్పు చెప్పినవాణ్ణి మా ఇంట్లో నేనేనండి మొదట."

చలపతి కాయలోంచి వైర్‌లెస్ తీసి, సూర్యకుమారి ద్రోహం విశాఖకి చెప్పాడు. ఆ రాత్రే అంతర్వేది దగ్గర ముఠావాళ్ళ ఆయుధాల ట్రాలర్ ఒడ్డుకి చేరబోతోంది. వెనక్కి వెళ్ళిపొమ్మని మన గస్తీ ఓడకి ముఠా నేవీ పేరుతో దొంగ ఆర్డర్ పంపింది. తప్పు సంఖ్యలతో పంపింది కాబట్టి అక్షరాలన్నీ కలగాపులగంగా వచ్చాయి. కెప్టెన్‌కి అనుమానం వచ్చి ట్రాలర్‌ని చుట్టేశాడు. సూర్యకుమారి దాంట్లోనే దొరికింది.

తర్వాత ఎంక్వయిరీ.

"కావాలని మార్చారో, మరిచిపోయారో మాకెలా తెలుస్తుంది? అసలువి మా ముందు చెప్పండి," అన్నాడు ప్రకాశరావు.

"క్రితంసారి చెప్పించుకున్నావిడ కూడా మీ ఆఫీసేనండి. చెప్పను."

చలపతి సాక్ష్యం ఎవరూ వినలేదు. 'జ్ఞాపకశక్తి క్షీణించింది' అని ఫైలు మూసేశారు.

ఆ మాట అమలాపురం దాకా పాకింది. ఒక పెళ్ళిలో ఘనస్వస్తి చెప్పి ఆశీర్వదించడానికి వేదపండితులంతా వరసగా కూర్చుంటే, ఆయన్ని ఎవరూ పిలవలేదు. ఈ పనికి తనకిచ్చిన మెడల్ చూపిద్దామని వచ్చిన చలపతికి, చివరి కుర్చీలో కూర్చుని పెదవులు మాత్రం కదుపుతున్న ఆ పెద్దాయన కనిపించాడు. తన మీద తనకే అసహ్యం వేసింది.

ఆయన మెడల్ అటూ ఇటూ తిప్పి చూశాడు.

"బావుందండి. నన్ను కూడా తొమ్మిదులు తీసేసే చూసేరు మీవాళ్ళు. గుణించి చూసే ఓపిక ఎవరికుంటుంది లెండి."