ఆరు కలిపిన చేయి

ఉదయం తొమ్మిదింపావుకి ప్రభుత్వ వైరస్ లాబొరేటరీలో పెద్ద టెక్నీషియన్ గొంతు కోసేశారు. అంతకు పది నిమిషాల ముందు ఆయన సీక్రెట్ సర్వీస్‌కి ఫోన్ చేసి ఒకే మాట చెప్పాడు: "రిపోర్టులో కంట్రోల్ ముప్పైకి చేరింది." ఫోనెత్తిన ఆపరేటర్‌కి ముక్క అర్థం కాలేదు. చంపినవాళ్ళకి మాత్రం బాగానే అర్థమైంది.

పదింటికల్లా చీఫ్ ఎదుట ఏజెంట్ నత్త కూర్చున్నాడు. ఏ పనికీ తొందరపడడని తోటివాళ్ళు పెట్టిన పేరది. అతని చేతికి చిక్కినవాళ్ళెవరూ ఆ పేరు విని నవ్వరు.

చీఫ్ బ్రీఫింగ్ పొట్టిగా సాగింది. పాజిటివ్ వచ్చిన ప్రతి శాంపిల్‌కీ యంత్రం ఒక సీటీ నంబరు ఇస్తుంది. వైరస్ దండిగా ఉంటే నంబరు చిన్నది, కొద్దిగా ఉంటే పెద్దది. ఊరి మొత్తం సగటు దిగుతోందంటే జబ్బు కొత్తగా అంటుకుంటోందని, వేవ్ లేస్తోందని అర్థం. సగటు పెరుగుతోందంటే వేవ్ చల్లారుతోందని. రెండు వారాలుగా పెరుగుతూనే ఉంది. అది నమ్మి హెల్త్ సెక్రటరీ ఇవాళ మధ్యాహ్నం పన్నెండింటికి సంతకం పెట్టబోతున్నాడు. ఆంక్షలు రద్దు, ఆసుపత్రుల్లో అదనంగా పెట్టిన ఆక్సిజన్ ట్యాంకర్లు వెనక్కి.

నత్త అక్క పెద్దాసుపత్రిలో హెడ్ నర్సు. తగ్గిందని టీవీలో చెబుతుంటే తన వార్డు వరండాలో కూడా మంచాలు వేశామని నిన్ననే ఫోన్లో ఏడ్చింది.

"కంట్రోల్ అంటే ఏంటి సార్?"

"యంత్రం సరిగ్గా ఉందో లేదో చూడ్డానికి రోజూ పెట్టే సీసా. అందులో వైరస్ ఎంతుందో ముందే తెలుసు. ఎప్పుడు పెట్టినా ఇరవై నాలుగు దగ్గరే రావాలి."

ముప్పై అంటే ఎవరో ఆరు కలిపారు. రోగుల నంబర్లకి రోజుకింత చొప్పున కలుపుకుంటూ పోయి, వాటి మధ్యనున్న ఆ సీసాకీ కలిపేశారు. జేబుదొంగ హడావిడిలో తన జేబు తనే కొట్టుకున్నట్టు. ఇదంతా పొరుగు దేశపు ముఠా పనేనని చీఫ్ దగ్గర సమాచారం ఉంది. తూటా పేల్చకుండా నగరాన్ని మంచాన పడెయ్యాలని వాళ్ళ ప్లాన్.

"సెక్రటరీని ఆపాలంటే అసలు నంబర్లు కావాలి. లోపల మనకో మనిషి ఉంది," అన్నాడు చీఫ్. "డేటా సెక్షన్ మేడమ్."

పదకొండున్నరకి ఫ్రీజర్ మెకానిక్ యూనిఫాంలో, అతికించిన మీసం మీద మాస్కుతో, నత్త లాబ్‌లో అడుగుపెట్టాడు. నేల మీద నెత్తురు కడిగేశారు గానీ గోడ మీది చుక్కలు మర్చిపోయారు. మేడమ్ ఎదురొచ్చింది. మాస్కు పైన కనిపించే ఆ రెండు కళ్ళు చాలు, మనిషి దారి తప్పడానికి.

"ఫ్రీజర్ మూత పడట్లేదట?" అన్నాడు నత్త.

"పడుతుంది. తెరవడమే కష్టం."

కోడ్ కుదిరింది. అసలు నంబర్లు చూపిస్తానని ఆమె అతన్ని కోల్డ్ రూంలోకి తీసుకెళ్ళింది. ఫ్రీజర్ స్టీలు తలుపులో నత్తకి తన వెనక రెండు కత్తులు కనిపించాయి.

అతను పక్కకి ఒరిగాడు. మొదటివాడి మెడకి కొలత టేపులో దాచిన తీగ చుట్టి బిగించాడు. వాడు తన్నుకుంటూ శాంపిల్ ర్యాకు మీద పడ్డాడు. ట్యూబులు పగిలి నత్త మొహమంతా తడిసింది, మాస్కు ఊడిపోయింది. పట్టించుకునే తీరిక లేదు. తీగ వదిలేసరికి వాడిలో ఊపిరి లేదు. రెండోవాడి కత్తి అతని పక్కటెముకల మీద గీసుకుపోయింది. నత్త వాడి జుట్టు పట్టుకుని, ఫ్రీజర్ తలుపు లాగి, మైనస్ ఎనభై డిగ్రీల్లో ఉన్న ఇనుప అరకి మొహం అదిమాడు. చర్మం అరకే అంటుకుపోయింది. వాడి కేక మధ్యలోనే ఆగింది.

మేడమ్ చేతిలో పిస్తోలు ఉంది.

"పెద్దాయన్ని ఎవరు చంపారు?"

"నేనే. కంట్రోల్ నేను చూసుకోలేదు. ఆయనొక్కడే చూశాడు," అంది ఆమె, కాస్త విచారంగానే.

తూటా అతని భుజంలోంచి దూసుకుపోయింది. నత్త ఫ్రీజర్ తలుపుని కాలితో తన్నాడు. అది ఆమె మణికట్టుని విరిచేసింది. రెండో చేత్తో పిస్తోలు అందుకోబోతుంటే నత్త స్పానర్ ఆమె కణతకి తగిలింది. ఆమె మళ్ళీ లేవలేదు.

పదకొండూ యాభై ఆరుకి నత్త టెస్టు యంత్రం ముందున్నాడు. ముఠా కలిపినదంతా రిపోర్టు ఫైల్లోనే. యంత్రం మెమరీని ముట్టుకోలేదు. స్క్రీన్ మీద కంట్రోల్ ఇరవై నాలుగు. నత్త వాచీ కెమెరాతో ఆ పేజీలన్నీ చీఫ్‌కి పంపాడు.

"ఈ నంబర్లతో సగటు గీత మళ్ళీ గీయించండి సార్. త్వరగా."

అతని నోట ఆ మాట చీఫ్ మొదటిసారి విన్నాడు. అవతల సెక్రటరీ తన పేరులో మొదటి అక్షరం రాసేశాడు కూడా. కొత్త గీత నిటారుగా కిందికి దిగింది, అంటే వేవ్ లేస్తోంది. ఆయన కాగితం చించేశాడు. ఇంజన్లు స్టార్టయిన ట్యాంకర్లు ఆసుపత్రి గేటు దగ్గరే ఆగిపోయాయి.

ఐదో రోజు నత్త అక్క వార్డులోనే, వరండా మంచం మీద, ముక్కులో ఆక్సిజన్ గొట్టంతో పడుకుని ఉన్నాడు. అక్క టెస్ట్ రిపోర్టు తెచ్చింది. నంబరు పదిహేడు.

"ఓ ఆరు కలపకూడదా అక్కా?"

అక్క ఆక్సిజన్ కాస్త పెంచింది. "నోర్మూసుకుని పడుకోరా. కలిపినావిడకి పట్టిన గతి నాకొద్దు."