కడిగిన ట్రాక్టర్

ఏజెంట్ లూకా శవం ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాప్ వెనక మురిక్కాలవలో దొరికింది. జేబులు ఖాళీ. బిగిసిన పిడికిట్లో మాత్రం బూడిదరంగు జిడ్డు ముద్ద.

"ఇంద్రాణీ, ఆ కేసు ఇక నీది," అన్నాడు చీఫ్ గోపాలం ఫోన్లో. "టార్గెట్, ఆక్సిజన్ సిలిండర్ల ట్రాలీ లాగే ట్రాక్టర్. పూరీ గేట్ లెవెల్ క్రాసింగ్ దగ్గర యార్డు పట్టాల మీద అది ఆగిపోవాలి. అదే టైముకి జవాన్ల స్పెషల్ రైలు వస్తుంది. విదేశీ ముఠా ప్లాన్ అదీ."

"స్పెషల్ ఆపించండి సార్!"

"ఏం చూపించి? ముఠాలో మన మనిషి షైని, ఆయిల్ కంపెనీ ఎగ్జిక్యూటివ్ వేషంలో ఉంది. ట్రాక్టర్ క్లీన్ అంటోంది. నువ్వు రుజువు తే."

"డ్రైవరెవరు?"

"నూకరాజు. మీ చిన్నాన్న."

అమ్మానాన్నా పోయాక ఓల్డ్ సెటిల్‌మెంట్ రైల్వే క్వార్టర్లో ఇంద్రాణిని పెంచిన మనిషి ఆయన. డిపార్ట్‌మెంట్ ఈసారి మారువేషం ఖర్చు కూడా మిగుల్చుకుంది. సెలవుకొచ్చిన అన్న కూతురు వేషం చాలు.

ఆ రోజు విశ్వకర్మ పూజ, పనిముట్లకు సెలవు. షెడ్డులో మెషీన్లన్నీ కడిగి, సిందూరం పెట్టి, దండలు వేశారు. ఆకాశం నిండా గాలిపటాలు. అర్జెంట్ డ్యూటీ గనక ట్రాక్టర్ నడుస్తుంది. కానీ ఆ రోజు పానా ముట్టుకుని దేన్నీ విప్పే మనిషి ఖరగ్‌పూర్‌లో పుట్టలేదు.

ఇంద్రాణి గేర్‌బాక్స్ ఆయిల్ కొలిచే డిప్‌స్టిక్ లాగి చూసింది. ఆయిల్ పాలు కలిపిన టీలా ఉంది.

"నీళ్లు దిగాయి చిన్నాన్నా."

"నిన్న నానే పైపెట్టి కడిగీసినానమ్మా. మూత సరిగ్గా బిగించనేదేటో. రేపు మార్సీస్తాను."

"ఫిల్టర్ విప్పి చూద్దాం."

"ఓలమ్మా! ఇయ్యాల పానా ముట్టుకుంటే ఇస్వకర్మ ఊరుకుంటాడేటి?"

ఎర్ర పట్టుచీర, నల్ల కళ్లద్దాలు, ఘాటైన సెంటు. షైని వచ్చింది. "ల్యాబ్ టెస్ట్ చేయించాను. ఓన్లీ వాటర్. ఈ ఒక్క ట్రిప్పుకి ఏం కాదు, దాదా."

"ఠీక్ హై దీదీ!" అని నూకరాజు బండెక్కాడు.

పోవద్దంటే వినే మనిషి కాదు. గతి లేక ఇంద్రాణి కూడా మడ్‌గార్డ్ మీద కూర్చుంది. పూరీ గేట్ దగ్గరయ్యేసరికి కింద గేర్‌బాక్స్ కుయ్యోమని మూలగసాగింది.

"గేరు పట్టు జారిపోతన్నాది," అన్నాడాయన. అయినా ఏటా చేసినట్టే పట్టాలకు ముందు బండి ఆపి, కొబ్బరికాయ కొట్టడానికి దిగాడు.

ఆయన అటు తిరగ్గానే ఇంద్రాణి తన తోలు బెల్టు ఊడదీసి, కాలుతున్న ఫిల్టర్ చుట్టూ బిగించి తిప్పింది. ఊడింది. ఆయిల్ బొళబొళా కారిపోయింది. బకిల్‌లో దాచిన కత్తెరతో ఫిల్టర్ డబ్బా రేకు చీల్చింది. రంపంతో కోస్తే ఆ రజనే లోపల పడి మోసం చేస్తుంది.

లోపలి కాగితం మడతల్లో బూడిదరంగు జిడ్డు. వేళ్ల మధ్య నలిపితే గరగర. పళ్లచక్రాలు అరిగిన పొడైతే బకిల్ వెనకున్న అయస్కాంతానికి అంటుకోవాలి. అంటుకోలేదు. వాల్వులు అరగదీసే గ్రైండింగ్ పేస్ట్! లూకా పిడికిట్లో ఉన్నదీ ఇదే. గేర్లను అరగదీసి బండిని ఆపేది ఇది, నీళ్లు వట్టి ముసుగు. పూజకు ముందు రోజు ఇక్కడ అందరూ బండ్లు కడుగుతారు, కాబట్టి నేరం కడిగినవాడి మీదికే పోతుంది.

"తిరిగి బిగించు," అంది వెనకనుంచి, బండి వెంటే వచ్చిన షైని. హ్యాండ్‌బ్యాగులోంచి పిస్టల్ మూతి నూకరాజు వీపు వైపు చూస్తోంది. "బండి పట్టాలెక్కాలి."

"ఎలా ఎక్కుతుంది? ఆయిలంతా నేల తాగేసింది."

అంతలోనే కూత. స్పెషల్ ధడధడమని దూసుకుపోయింది. కిటికీల్లోంచి జవాన్లు చేతులూపారు. నూకరాజు కొబ్బరిచిప్పతోనే తిరిగి ఊపాడు.

షైని నవ్వింది. "వచ్చే ఏడూ కడుగుతారుగా!" అని పూజ జనంలో కలిసిపోయింది.

"షైనిని పట్టుకోవద్దు," అన్నాడు గోపాలం సాయంత్రం. "వెంటాడితే ముఠా దొరుకుతుంది. రికార్డులో మాత్రం డ్రైవర్ నిర్లక్ష్యం. బండి కడిగి ఆయిల్లోకి నీళ్లు పోనిచ్చాడు."

"సార్, అది వాళ్లు అల్లిన కథ!"

"బాగా అల్లారు. ఎవరైనా నమ్ముతారు."

నూకరాజే అందరికంటే ముందు నమ్మాడు. సస్పెండై క్వార్టర్ గుమ్మంలో కూర్చున్న ఆయన పక్కన ఇంద్రాణికి ఏడుపు ఆగలేదు. నోరు విప్పితే చాలు, ఆయన తల ఎత్తుకుంటాడు. విప్పకూడదు. ఛీ, ఏం ఉద్యోగం!

"ఊరుకోమ్మా, నువ్వేటి సేస్తావు, తప్పు నాదే గదా," అన్నాడాయన ఆమె తల నిమురుతూ. "పై ఏడు బండి నాకిస్తే గినక, కడగను. తడిగుడ్డెట్టి తుడిసీస్తాను."

ముఠా వచ్చే ఏటి కుట్రను ఆయన అప్పుడే భగ్నం చేసేశాడు. ఆ సంగతి చెప్పడానికి కూడా ఇంద్రాణికి పర్మిషన్ లేదు.