ఆపరేషన్ జెల్లముల్లు

మైపాడు ఒడ్డున మాల్యాద్రి జెల్ల చేప ముల్లు గుచ్చుకుని చచ్చిపోయాడు. పుట్టినప్పటి నుంచీ చేపలతోనే బతికిన మనిషి! గంటలో కాలు నల్లబడింది, ఒళ్లంతా వాచింది. భార్య నాగులమ్మ అతన్ని ఉచిత వైద్య శిబిరానికి మోసుకుపోతే, విదేశీ డాక్టర్ మార్టెన్ చెయ్యి చాపి "టోకెన్ ఏదీ?" అన్నాడు. ఆ పాపిష్టివాడికి వచ్చిన తెలుగు ఆ రెండు మాటలే. ఆమె టోకెన్ తెచ్చేసరికి మాల్యాద్రి లేడు.

ఢిల్లీలో ఏజెంట్ రూఫస్‌కు చీఫ్ ఇచ్చిన బ్రీఫింగ్ చిన్నది. ఒంట్లో మంట పుట్టినప్పుడు, ఇక చాలు, చల్లబడమని రక్తనాళాలకు కబురు చెప్పే సిగ్నల్ ఒకటుంది, ఇంటర్‌ల్యూకిన్-10. మార్టెన్ ముఠా శిబిరంలో జనానికి చేస్తున్న ఇంజెక్షన్ ఆ కబురు అందకుండా నొక్కేస్తుంది. ఆ తర్వాత ముల్లు గీసుకున్నా చాలు, నాళాల గోడలు వాచి కారిపోతాయి. ఆయుధంగా అమ్మేముందు మనుషుల మీద పరీక్షించాలిగా! రోజూ ముళ్లు గుచ్చుకునే జాలర్ల పాళెం కంటే వాళ్లకు మంచి చోటేముంది? విరుగుడు పెట్టె మార్టెన్ దగ్గరే ఉంది. అది సముద్రం దాటితే పాళెం మొత్తం పోతుంది. పెట్టె కావాలి, మార్టెన్ ప్రాణాలతో కావాలి.

రూఫస్ లుంగీ కట్టి చేపల వ్యాపారిగా దిగాడు. కాటాలో ట్రాన్స్‌మిటర్ పెట్టుకున్నాడు. శిబిరంలోంచి ఎర్ర లిప్‌స్టిక్, నల్ల కళ్లద్దాలతో డాక్టర్ ఎవాంజెలిన్ వచ్చింది. పేరుకు ముఠా మనిషి, ఈమధ్య మన మనిషి.

"జెల్లలు తాజాయేనా?"

"ఇప్పుడే ఒడ్డుకొచ్చినాయి."

కోడ్ కుదిరింది. పెట్టె లాంచీ ఎక్కిందనీ, దాన్ని తెరిచే పాస్‌వర్డ్ మార్టెన్‌కొక్కడికే తెలుసనీ ఆమె చెప్పింది.

రూఫస్ జెల్లల తట్ట నెత్తిన పెట్టుకుని ఆమె వెనకే లాంచీ ఎక్కాడు. ఇంజన్ స్టార్టయింది. మార్టెన్ పసిగట్టి పిస్టల్ తీశాడు. రూఫస్ తట్ట బోర్లించాడు. మార్టెన్ కాలు జారి చేపల మీదే పడ్డాడు, అరచేతిలో ముల్లు దిగబడింది. అయినా నవ్వాడు. తనకు ఇంజెక్షన్ పడలేదన్న ధీమా.

ఎవాంజెలిన్ పర్సులోంచి ఖాళీ సీసా తీసి చూపించింది.

"పొద్దున మీకు చేసింది విటమిన్ ఇంజెక్షన్ కాదు డాక్టర్."

చెయ్యి అప్పటికే నల్లబడుతోంది. పాస్‌వర్డ్ గబగబా చెప్పేశాడు. పెట్టె తెరుచుకుంది. విరుగుడు ఎవరికైనా శిబిరంలోనే అంది ఎవాంజెలిన్, లాంచీ ఒడ్డుకు తిరిగింది.

శిబిరం ముందు పాళెమంతా బారు తీరింది. ఎవాంజెలిన్ విరుగుడు ఇంజెక్షన్లు చేస్తోంది. విషం ఎక్కించిందీ ఆ చేతులే గనక పక్కనే పోలీసు నిలబడ్డాడు. టోకెన్లు చూసి లోపలికి పంపే పని నాగులమ్మ పట్టుబట్టి తీసుకుంది.

మార్టెన్‌ను మోసుకొచ్చి ఆమె ముందు దించారు. మొహం వాచి కళ్లు పూడుకుపోయాయి. నాగులమ్మ చెయ్యి చాపింది.

"టోకెన్ ఏదీ?"

లోపలికి పంపమని రూఫస్ ఒక్కమాట చెబితే ఆమె వదిలేసేదే. అతను సముద్రం వైపు తిరిగాడు. అప్పుడే ఫోన్ మోగింది. మార్టెన్ ఎక్కడని చీఫ్ అడిగాడు.

"క్యూలో ఉన్నాడు సార్," అన్నాడు రూఫస్.