దానిమ్మ మొదట్లో చెంబెడు నీళ్లు

ఆదివారం పొద్దున్నే అండాలమ్మ చెంబెడు నీళ్లతో, గోడ ఆసరాగా పెరట్లోకి నడిచింది. కీమో మొదలయ్యాక గ్లాసు ఎత్తడమే కష్టమైన మనిషి, దిల్‌సుఖ్‌నగర్‌లో కొని తెచ్చిన ఆ దానిమ్మ మొక్కకు మాత్రం ఇంకెవరినీ నీళ్లు పోయనివ్వదు. ఆపరేషన్‌లో తీసేసిన గర్భసంచిని దాని మొదట్లోనే పాతిపెట్టామని కూతురు తన్మయి చెప్పింది మరి. "ఇద్దరు పిల్లలను మోసింది, చెత్తల పారెయ్యనీయకు బిడ్డా" అని థియేటర్‌లోకి పోతూ ఆమె కోరిన కోరిక అదొక్కటే.

తన్మయి కిటికీలోంచి చూసి, ఎప్పటిలాగే చూడనట్టు బ్యాగు తగిలించుకుంది. పీహెచ్‌డీ చేస్తున్న పిల్ల. ల్యాబులో పెంచే కణాలకు రెండు రోజులకోసారి పోషక ద్రవం మార్చాలి, ఆదివారమైనా సరే.

ఎల్బీ నగర్ మెట్రోకు బయల్దేరబోతుంటే తమ్ముడు మహిపాల్ దానిమ్మ పక్కనుంచి నల్లా పైపు వేయడానికని గడ్డపార తెచ్చాడు.

"ఆడ తవ్వకురా!" అండాలమ్మ మొక్కకు అడ్డంగా కూలబడింది. ఊపిరందక రొప్పుతోంది. "నన్ను తవ్వినట్టేరా!"

తన్మయికి ఇక దాచడం చేతకాలేదు.

"ఆడ ఏం లేదమ్మా. దవాఖానోళ్లు కాల్చేసిన్రు. క్యాన్సరున్న చిన్న ముక్క మా ల్యాబుకు తీసుకున్నం, దాని కణాలు పెంచుతున్నం. నీకు మందులెందుకు పనిచేస్తలేవో వాటి మీద చూస్తున్నం. ఒప్పుకున్నట్టు నువ్వు కాగితం మీద సంతకం గూడ పెట్టినవు."

"చదివి చెప్పినవా?"

తన్మయి చదివి చెప్పలేదు. ఊరూపేరూ తెలియని పేషెంట్ల దగ్గర గంటసేపు కూర్చుని ప్రతి వాక్యం విడమరిచి చెప్పే పిల్ల, కన్నతల్లి దగ్గరికొచ్చేసరికి "ఈడ పెట్టమ్మా" అని వేలితో చూపించింది. చెప్తే వద్దంటుందేమోనని భయం.

"నేను ఎండిపోతున్న. అది పెరుగుతుందా?"

"పెరుగుతుందమ్మా."

"ఆదివారం నాకు జావ తాపకుండ ఉరికేది దానికి పెట్టనీకేనా?"

తన్మయి వెక్కివెక్కి ఏడ్చింది. మిగతా పేషెంట్ల కణాలన్నీ చచ్చిపోయాయి, ఏడు నెలల్లో బతికినవి ఇవే. అయినా చెప్పేసింది. "వద్దని రాసియ్యమ్మా. ఇయ్యాలనే పారబోస్త."

అండాలమ్మ మొక్క మొదట్లో మట్టిని అరచేత్తో సదిరింది.

"అడిగితే ఇయ్యకపోదునా? కడుపే ఇచ్చిన గదనే నీకు. కాగితం తే. ఈసారి చదువు."

చదివి వినిపించే ధైర్యం లేక నెలలుగా బ్యాగులో మోస్తున్న కొత్త అంగీకార పత్రాన్ని తన్మయి ఆ మట్టిలోనే కూర్చుని చివరిదాకా చదివింది.

"నేను పోయినంక గూడ అది బతికుంటదా?"

"ఉంటదమ్మా."

అండాలమ్మ సంతకం చేసింది. చెంబులో మిగిలిన నీళ్లు దానిమ్మకే పోసింది.

"పో, ఆలస్యమైతుంది. దానికి పెట్టి రా. నాకెట్లాగూ గొంతు దిగుతలేదు."